పిచ్చుకల సొరుగు వెనక శాలువా

జనం చూసే అద్దాల గదుల వెనక మ్యూజియం ఇంకో సగం ఉంది. అక్కడ చెక్క సొరుగుల్లో పక్షులు వెల్లకిలా పడుకుని ఉంటాయి. కళ్లలో దూది, కాలికి దారంతో కట్టిన చీటీ. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు తెచ్చారు, అంతా ఆ చీటీలోనే. కూతురికి అక్కడే ఉద్యోగం. వాళ్లమ్మ వారానికి రెండు రోజులు జీతం లేకుండా వచ్చి, చివికిపోయిన దారాలు తీసి కొత్తవి కడుతుంది.

ఆవిడకి భయం ఉగ్గుపాలతో వచ్చింది. వేసిన ముడిని మూడుసార్లు లాగి చూస్తే గానీ మనసు కుదుటపడదు. "ఈవిడ కట్టిన చీటీ ప్రళయం వచ్చినా ఊడదు," అని నవ్వుతాడు ఆ గదికి పెద్దయిన ఈకల మాస్టారు.

ఒక సోమవారం ఆవిడ పిచ్చుకల సొరుగు లాగితే, కింది సొరుగు అంచు మీద చిటికెడు గోధుమరంగు పొడి కనిపించింది. ఏళ్ల తరబడి పిండి జల్లించిన చెయ్యి, పురుగని వెంటనే తెలిసిపోయింది. వెనక సందులో చెయ్యి పెట్టింది. అక్కడున్నది తన పాత ఉన్ని శాలువా.

మూసినప్పుడల్లా ఆ సొరుగు దడేల్మంటుంటే పిచ్చుకల మెడలు ఎక్కడ విరుగుతాయోనని, నెల క్రితం తనే దాన్ని మడిచి వెనక కుక్కింది. బయటి గుడ్డ ఏదైనా, పురుగు చచ్చేలా రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచందే ఈ గదిలోకి రాకూడదు. ఉతికిందేగా అనుకుంది. ఇప్పుడు దాన్నిండా ఉన్నీ ఈకలూ తినే బొచ్చుపురుగులు.

"నువ్వు మాట్లాడకమ్మా, నేను చూసుకుంటాను," అంది పక్క బల్ల దగ్గర్నుంచి వచ్చి చూసిన కూతురు.

"నువ్వు చూసుకుంటే నీ ఉద్యోగం మీదికొస్తుంది. ఊరుకోవే."

నేరుగా వెళ్లి చెప్పేసింది. "మాస్టారూ, మీ పిచ్చుకల్ని నేనే చంపేశాను."

"అవి పోయి ఎనభై ఏళ్లయిందమ్మా," అన్నాడాయన. సంగతంతా విన్నాక మాత్రం నవ్వలేదు. భూతద్దం పట్టుకుని ఒక్కో పిచ్చుకనీ తిప్పి చూశాడు. ఒక్క ఈక పోయినా ఈ గడప మళ్లీ తొక్కకూడదని ఆవిడ సంచీ చంకన పెట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"పదకొండూ బాగానే ఉన్నాయి," అన్నాడు చివరికి. "మీ శాలువాయే కమ్మగా ఉన్నట్టుంది, దాన్ని వదల్లేదు. ఇంకో వారం ఆగితే వీటి మీదికి పాకేవి. ఆ చిటికెడు పొడి నా కంటికైతే ఆనేది కాదు."

పిచ్చుకలూ శాలువా అన్నీ ఫ్రీజర్‌లోకి వెళ్లాయి.

"పాపం, ఎంత చలిలో ఉన్నాయో," అనేది ఆవిడ ఇంట్లో దుప్పటి కప్పుకుంటూ.

"వాటికి ఈకలున్నాయమ్మా, పడుకో."

రెండు వారాలకి మాస్టారు శాలువా తెచ్చి చేతిలో పెట్టాడు. ఒక మూలకి దారంతో చీటీ కట్టి ఉంది. 'ఉన్ని శాలువా. చిల్లులు ఇరవై మూడు. దొరికిన చోటు: పిచ్చుకల సొరుగు వెనక. తెచ్చినవారు: అమ్మగారు.'

"ఇక రావద్దంటారా?" అంది ఆవిడ మెల్లగా.

"సొరుగు వెనక రబ్బరు ముక్క పెట్టించాను, ఇక దడేల్మనదు. సోమవారం సోమవారం సొరుగులన్నీ మీరే చూడాలి. ఈ గదిలో భయపడేవాళ్లు ఒకరైనా ఉండాలమ్మా."

ఆవిడ చీటీ ముడిని మూడుసార్లు లాగి చూసింది. మూడోసారికి ఊడొచ్చింది.

"ఇదేం ముడి మాస్టారూ," అంటూ దారపుండ కోసం కుర్చీ లాక్కుంది.