మేం నరకం

మా అక్క మొగుడు నాకు బావ, మా బ్యాండుకు బావి. ఆయన గొంతు అంత లోతు నుంచి వస్తుంది. బొక్కెన వేసి తోడితే తప్ప మాట పైకి రాదు, తోడినా సగం బొక్కెన బురదే. మేం వాయించేది బ్రూటల్ డెత్ మెటల్ అనే రకం రాక్ సంగీతం. అందులో పాడేవాడు నోటితో పాడడు, పొట్టతో పాడతాడు. మాట పళ్ళ దాకా వచ్చేసరికి అక్షరాలన్నీ అరిగి, కరిగి, ఒక పెద్ద గుర్రు మాత్రం మిగులుతుంది. పన్నెండేళ్ళుగా బావ రాసి పాడిన పాటల్లో ఒక్క మాట ఒక్క మనిషికి అర్థమైన దాఖలా లేదు.

వినేవాళ్ళకు అదేం బాధ కాదు. బాధంతా బావది. ఆయన ఉద్యోగం చెవుల పరీక్ష. పగలంతా మనుషుల్ని గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, "వినిపిస్తే చెయ్యెత్తండి" అంటాడు. ఊళ్ళో సగంమంది ఆయన ముందు చెయ్యెత్తినవాళ్ళే. ఆయన పాట విని మాత్రం ఎవరూ చెయ్యెత్తలేదు. మా అక్కయితే ఏకంగా చేతులెత్తేసింది.

అక్క పాఠ్యపుస్తకాలు వేసే ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు. ఎర్ర పెన్ను జుట్టుముడిలో గుచ్చుకుని నిద్రపోయే మనిషి. మా బ్యాండు పేరు 'కళేబరం'. మొదటి పోస్టరు ఆమె చేతికిస్తే, అచ్చుతప్పేమోనని, మొగుడి మీద ప్రేమ కొద్దీ 'కళే వరం' అని దిద్దింది. లలిత సంగీతం అనుకుని వచ్చిన పాతికమందీ మొదటి గుర్రుకే చెప్పులు వెతుక్కున్నారు. అక్క కూడా వాళ్ళతోపాటే లేచింది. అప్పటినుంచి బావ పాట ఒక్కటీ చివరిదాకా వినలేదు. "మాట తెలిసిన రోజున కూర్చుంటాను. తెలియనిదాన్ని నేనెలా దిద్దను?" అంటుంది.

అందుకని ఇప్పుడు రికార్డు చేస్తున్న ఆల్బం కోసం బావ ఒక ఎత్తు వేశాడు. తన గుర్రు పక్కన, హార్డ్‌కోర్ అనే ఇంకో రకం రాక్ పాడే గొంతు పెట్టాలని. హార్డ్‌కోర్‌లోనూ అరుపే. కానీ ఆ అరుపు మొహం మీద అరుస్తుంది. ఒక్కో అక్షరం వచ్చి మన చొక్కా పట్టుకుంటుంది.

డ్రమ్ములు వాయించే పళ్ళ డాక్టరుకు ఇది గిట్టలేదు.

"హార్డ్ కోర అయితే నా క్లినిక్‌కు పంపు, పీకేస్తాను. పాటలోకెందుకు?"

"మాట తెలియాలి డాక్టరూ."

"డెత్ మెటల్లో మాట తెలియడమేంటి బావీ? చచ్చినవాడు స్పష్టంగా మాట్లాడతాడా?"

"చచ్చింది మా ఆవిడ ఓపిక. ఈ ఒక్క పాటైనా ఆవిడ చివరిదాకా వినకపోతే, ఇక నేను గొంతు మూసుకుని చెవులే చూసుకుంటాను" అన్నాడు బావ. ఆ మాట మటుకు గుర్రు పెట్టకుండా, మామూలు గొంతుతో అన్నాడు. "సరే, వెతుకుదాం" అన్నాడు డాక్టరు.

దొరికిన గొంతు ఒక డ్రిల్లు టీచరుది. ఆరువందలమంది పిల్లలున్న బడి. ఆమె ఈల పోయి ఏడేళ్ళయింది, కొత్తది కొనాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు.

మా స్టూడియో పరుపుల కొట్టు కింద నేలమాళిగ. దిగే మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి వాటిని డెత్ మెట్లు అంటాం. శబ్దం బయటికి పోకుండా గోడల నిండా అమ్ముడుపోని పరుపులు ఆనించాం. మా పరువంతా ఆ పరుపుల వెనకే భద్రంగా ఉంది. వినడానికి వచ్చినవాళ్ళు కూర్చునేందుకు తలుపు వైపు కొంత చోటు వదిలి, మధ్యలో గాజు గోడ పెట్టాం. మైకుకు తుంపర్లు తగలకుండా వైరు చట్రానికి డాక్టరు పాత మేజోడు బిగించాం. బేస్‌మెంట్లో బేసు గిటారు నాది.

ఆదివారం పొద్దున్న ఆఖరి పాట మొదలుపెట్టాం. పన్నెండింటికి అక్క వస్తానంది. టీచరు కాళ్ళు ఎడంగా పెట్టి, కాగితం చూసి, బావతో కలిసి అందుకుంది.

"రక్తం మా స్నానం, ఎముక మా దువ్వెన. మేం నరకం, మేం నరకం."

పరుపుల్లోంచి దూది రాలింది. బావ కళ్ళు చెమర్చాయి. పన్నెండేళ్ళ కిందట తను రాసిన మాట మొదటిసారి తన చెవినే పడింది మరి. పాట ఆగగానే టీచరు హెడ్‌ఫోన్లు మెడకు దించింది.

"చిన్న సందేహం సార్. ఏం నరకరు మీరు?"

"అంటే?"

"మేం నరకం, మేం నరకం అంటున్నాంగా. ఏం నరకం? చెట్లా?"

డాక్టరు చేతిలోంచి పుల్లలు జారిపడ్డాయి.

"నరకం అంటే... యమలోకం టీచర్ గారూ" అన్నాడు బావ.

"మీ గొంతులో యమలోకమేనండీ. నా గొంతులో మాత్రం నరకడం మానేశామనే వినిపిస్తోంది."

అంతలో పరుపుల కొట్టాయన సగం మెట్లు దిగి తల పెట్టాడు. "పన్నెండేళ్ళకు ఒక మంచి పాట కట్టారయ్యా. చెట్లు కొట్టకూడదని. అందరికీ చెప్పాల్సిన మాట" అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. మాట తెలియాలని కోరుకున్నాడు, తెలిసింది. అదే వచ్చిన చిక్కు.

"మేమే నరకం అంటే?" అన్నాను.

"మేమైతే నరకం, వేరేవాళ్ళు నరుకుతారేమో అన్నట్టుంది" అంది టీచరు.

"నరకం మేం?"

"తిరగేసినా నరకరు" అన్నాడు డాక్టరు.

"పోనీ, మేం నరకమండీ?"

"నోరు ముయ్యి బామ్మర్దీ" అని బావ ఫోను తీశాడు. "మీ అక్కను రావద్దని చెప్తాను. ఇది విని నవ్వితే ఇంక నేను ఇంట్లో గురక కూడా పెట్టలేను."

డెత్ మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అక్క పావుగంట ముందే వచ్చింది. అచ్చుకు పోయే కాగితాల దగ్గర కూడా ఆమెది అదే అలవాటు.

వస్తూనే చెయ్యి చాచింది. "కాగితం."

బావ ఇచ్చాడు. అక్క జుట్టులోంచి పెన్ను తీసి చదవడం మొదలుపెట్టింది. మేం నలుగురం ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల్లా వరసలో నిలబడ్డాం.

"ఇన్నేళ్ళూ మీరు అరుస్తోంది ఇదా?"

"ఊఁ."

"మేం నరకం" అని పైకి చదివింది. ఇంకోసారి చదివింది. తర్వాత కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది. "పోన్లెండి, ఇన్నాళ్ళకు ఒక్క నిజం రాశారు. ఇంట్లో ఒక్క గుమ్మడికాయ నరికిన పాపాన పోయారా? అన్నీ నేనేగా నరుకుతా."

"అది యమలోకం" అన్నాడు బావ నీరసంగా.

"అదీ ఉంది, ఇదీ ఉంది. దేన్నీ కొట్టేయక్కర్లేదు" అని ఆ లైను ముందు ఎర్రగా ఒక గుర్తు పెట్టి, పైన ఒక మాట రాసి, కాగితం టీచరుకిచ్చింది. "ఇది మీరు అడగండమ్మా. ఆయన జవాబు చెప్తారు."

టీచరు చూసి, "నరుకుతారా?" అని చదివింది. చదివినంత మాత్రానికే పైన కొట్లో ఏదో కిందపడింది.

డాక్టరు వేళ్ళతో మోకాలి మీద కొట్టి చూసుకున్నాడు. "ప్రశ్నకు అయిదు దెబ్బలు, జవాబుకు మూడు. నా జన్మలో ఇంత బాగా కుదిరిన తాళం లేదు బావీ."

"భయంకరమైన పాట ఇది. నవ్వులపాలవుతుంది" అన్నాడు బావ.

"నేను కూర్చుంటున్నాను" అంది అక్క. గాజు గోడకు అవతల స్టూలు లాక్కుని కూర్చుంది. చేతిసంచి మాత్రం ఒళ్ళోనే ఉంది, లేచిపోయే మనిషి పెట్టుకున్నట్టు.

బావ ఆ సంచిని చూశాడు, కాగితం చూశాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని మేజోడు ముందుకు వచ్చాడు.

"నరుకుతారా?" అంది టీచరు, ఆరువందలమందిని అడిగినట్టు.

"నరకం" అన్నాడు బావ, బావి అడుగునుంచి.

ఆ గుర్రులో యమలోకం ఉంది, గుమ్మడికాయ ముట్టని మొండితనం ఉంది. ఏది ఎంతో నాకు తెలియదు. నేను తప్పు తీగ మీటాను, ఎవరూ పట్టించుకోలేదు. మొదటి చరణం అయిపోయింది. అక్క లేవలేదు. రెండో చరణంలో సంచి నేల మీదికి దిగింది. బావ కళ్ళు మూసుకునే పాడాడు, చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఆఖరి దెబ్బ పడి, తాళాల మోత పరుపుల్లోకి ఇంకిపోయింది. తలుపు చప్పుడు కాలేదు.

బావ ఒక కన్ను తెరిచాడు. గాజు అవతల అక్క కుడి చెయ్యి ఎత్తి ఉంది, ఎర్ర పెన్నుతో సహా.

"వినిపించిందా?" అన్నాడు బావ.

"అందుకేగా ఎత్తింది. టీచరుగారి రక్తం బాగుంది. మీ రక్తంలోనే త వత్తు లేదు. మళ్ళీ పాడండి, మొదటినుంచి."

"మొదటినుంచా?"

"నేనెప్పుడైనా మధ్యలోంచి దిద్దానా?"

బావ గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఆ గుర్రు నిండా ఒక వణుకు. డాక్టరు అదేదో కొత్త టెక్నిక్ అనుకుని, ఆల్బం అంతా అలాగే పాడమన్నాడు.