ఎర్ర మెసేజ్

చిట్టియ్య చెరువులో దిగేముందు కరెంటు మెయిన్ ఆపేవాడు. ఇరవై ఏళ్ల అలవాటు. నీళ్లలో తిరుగుతూ గాలి కలిపే ఏరియేటర్ వైరు ఎక్కడ తెగినా చెరువంతా కరెంటేనని రొయ్యల చెరువుల మీద బతికే ప్రతివాడికీ తెలుసు. ఆ అలవాటు మాన్పించింది, చెరువులో సెన్సర్ పెట్టిన కంపెనీలో పనిచేసే దీవెన. "మాటిమాటికీ ఆపితే రొయ్యలకి గాలి అందదండి. నీళ్లలో కరెంటుంటే మీ ఫోనుకి ఎర్ర మెసేజ్ వస్తుంది. రాకపోతే నిశ్చింతగా దిగండి" అని గట్టు మీద నిలబడి మరీ చెప్పింది. చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని ఆయన నమ్మాడు.

నిన్న పొద్దున్న పదింటికి మెసేజ్ రాలేదు. ఆయన దిగాడు. మళ్లీ గట్టెక్కలేదు.

భీమవరం ఆఫీసులో దీవెన తన తప్పు తనే వెతుక్కుంది. పెద్దగా వెతకాల్సిన పని కూడా పడలేదు. చెరువుల నుంచి వచ్చే మెసేజ్‌లు అందుకుని ఫోన్లకి పంపే సర్వర్లు రెండు. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి. అందుకే మెసేజ్‌లన్నీ రెంటికీ ఉమ్మడిగా క్లౌడ్‌లో ఒకే స్టోరేజ్‌లో ఉంటాయి. రెండో సర్వర్‌కి దీవెన ఆ స్టోరేజ్ తగిలించింది, పరీక్షించింది, అందరిచేతా శభాష్ అనిపించుకుంది. రీస్టార్ట్ అయినా దానంతటదే తగులుకునేలా ఒక్క లైను రాయడం మాత్రం మరిచిపోయింది. పోయిన వారం ఆ సర్వర్ రీస్టార్ట్ అయి, స్టోరేజ్ ఊడిపోయింది. నిన్న మొదటి సర్వర్ ఎర్ర మెసేజ్ అందుకుని, స్టోరేజ్‌లో పెట్టి, ఫోనుకి పంపేలోపే పడిపోయింది. రెండోది లేచి, తన సొంత డిస్కులో అదే పేరుతో ఉన్న ఖాళీ ఫోల్డర్ చూసుకుని, పంపాల్సిందేమీ లేదనుకుంది.

కంపెనీ ఓనరు అప్పాజీ ఆమె వెనకే నిలబడ్డాడు. "అమ్మా, ముందు ఆ మెసేజ్ తీసెయ్. తర్వాత స్టోరేజ్ తగిలించు. సెన్సర్ నుంచి మనకేమీ రాలేదందాం. మెయిన్ ఆపకుండా దిగడం ఆయన తప్పేగా."

"ఆపొద్దని చెప్పింది నేనేనండి."

"అది ఎక్కడా రాసిలేదుగా."

దీవెనకి భయమేసింది, సిగ్గు అంతకన్నా ఎక్కువేసింది. తీసెయ్యడానికి ఒక్క కమాండ్ చాలు. ఆమె అది కొట్టలేదు. మరిచిపోయిన లైను రాసి, స్టోరేజ్ తగిలించి, సర్వర్‌ని మళ్లీ లేపింది. అప్పాజీ విసురుగా బయటికెళ్లిపోయాడు.

రెండు నిమిషాలకి ఫోను మోగింది. చిట్టియ్య నంబరు. అవతల ఆయన భార్య సూరమ్మ.

"అమ్మాయ్, ఈయన ఫోనుకి ఎర్రగా ఏదో వచ్చింది. నాకు చదవడం రాదు. ఏంటమ్మా అది?"

"చెరువులో దిగొద్దని అండి."



"ఎప్పుడు పంపారమ్మా?"

"నిన్న పదింటికే రావాలండి" అంది దీవెన. "నావల్ల ఇప్పుడొచ్చింది."