ఒక రాయి, యాభై శాతం రాయితీ

సత్తెనపల్లి రోడ్డు మీద పత్తి బేళ్ళ లారీ ఒకటి బుల్లయ్య కారుకి ఎదురొచ్చింది. దాని వెనక చక్రం రోడ్డు వారనున్న రాయిని నొక్కింది. రాయి ఎగిరొచ్చి కారు ముందద్దం మీద సాలెగూడు అల్లేసింది. లారీ మాత్రం ఆగలేదు.

బుల్లయ్య కారు దిగి ఆ రాయిని వెతికి పట్టుకున్నాడు. సాక్ష్యం కావాలి గదా! తిప్పి చూస్తే ఒక పక్కంతా సున్నం. కల్లంలో చోటు చాలక మిరపకాయల్ని రోడ్డు వారన ఆరబోసి, బళ్ళు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చింది ఆయనే. దూరాన్నుంచి కనపడాలని వాటికి సున్నం పూసిందీ ఆయనే. లారీవాణ్ణి తిట్టడానికి తెరిచిన నోటిని ఎవరి మీద మూయాలో తెలియలేదు.

కోపం చల్లారాక కుతూహలం పుట్టింది. తన రాయి తన అద్దాన్ని కొడితే ఇన్సూరెన్సు వాళ్ళు ఇస్తారా, ఇవ్వరా?

మర్నాడు పొద్దున్నే భార్య పుల్లమ్మతో కలిసి, ఊళ్ళో పాలసీలు కట్టించే భవ్య ఆఫీసుకి వెళ్ళి రాయిని బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాడు.

"రాయి ఎవరిదైతే ఏముంది బాబాయి గారూ! కావాలని కొట్టుకోలేదుగా?"

"నా అద్దాన్ని నేనెందుకు కొట్టుకుంటానమ్మాయ్?"

"అయితే కంపెనీ ఇస్తుంది. అద్దాలు బిగించే కలీం గారి షాపులో ఎనిమిది వేలన్నారుగా? వెయ్యి మీ వంతు, మిగతా ఏడూ వాళ్ళది. ఎట్టా పగిలిందో ఈ ఫారంలో రాయండి."

రాయి గురించి రాయడానికి బుల్లయ్య పెన్ను మూత తీశాడు.

"కానీ..." అంది భవ్య.

పాలసీల వాళ్ళు 'కానీ' అన్నారంటే మన దగ్గర కాణీ మిగలదని బుల్లయ్య అనుభవం. పెన్ను గాల్లోనే ఆగింది.

"ఐదేళ్ళుగా మీరు ఒక్క క్లెయిమూ చేయలేదు. అందుకే సొంత బండి డ్యామేజీకి కట్టే ప్రీమియంలో నో క్లెయిమ్ బోనస్ అని సగం తగ్గిస్తున్నారు. ఇప్పుడు క్లెయిము చేస్తే ఆ తగ్గింపు సున్నాకొస్తుంది."

"ఒక్క అద్దానికే?"

"అద్దమైనా డోరైనా క్లెయిము క్లెయిమే. ఇంకాస్త కడితే బోనస్ పోకుండా కాపాడే కవరుందని పోయినేడు చెప్పాను. నా డ్రైవింగే నాకు కవరన్నారు మీరు."

"అనుంటాడు," అంది పుల్లమ్మ.

రాయి కొట్టింది అద్దాన్ని కాదు, రాయితీని! బుల్లయ్యకి ఇదేదో తమాషాగా తోచింది.

"అయినా వచ్చేనెల ఈ కారు అమ్మేసి కొత్తది కొంటున్నాం గదమ్మాయ్. అమ్మేసే కారుకి బోనస్ ఉంటే ఎంత, పోతే ఎంత?"

"బోనస్ కారుది కాదు బాబాయి గారూ, మనిషిది. పాతది అమ్మి సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త కారుకి మీతోపాటే వస్తుంది. ఆ ప్రీమియం ఇరవై వేలుంటే పదివేలు తగ్గినట్టే."

బుల్లయ్య ఆశ్చర్యపోయాడు. బోనస్ అంటే బంపరులా బండికి బిగించి ఉంటుందనుకున్నాడు ఇన్నాళ్ళూ. చొక్కా జేబు తడుముకున్నాడు. ఐదేళ్ళుగా తన ఒంట్లో పదివేలు తిరుగుతున్నా తనకి తెలియనే లేదు.

"ఏడు వేల కోసం పదివేలు పారేసుకుంటానా? అద్దం డబ్బులు నేనే కట్టుకుంటా," అని ఫారం వెనక్కి నెట్టాడు.

"మంచిది. కొత్త కారు మీ పేరునే గదా?"

బుల్లయ్య పెన్నుకి మూత పెట్టే పనిలో పడ్డాడు.

"నా పేరున," అంది పుల్లమ్మ.

కొత్త కారు డబ్బులో ముప్పాతిక ఆమె పుట్టింటి ఎకరన్నరలో పండిన మిరపది. కోతలన్నాళ్ళూ చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని మళ్ళీ చేలోకెళ్ళింది. కారు నీ పేరునే అని బుల్లయ్య కూలీలందరి ముందూ మాటిచ్చాడు. మూడు నెలలుగా ఆమె డ్రైవింగు కూడా నేర్చుకుంటోంది.

"అయితే బోనస్ రాదు పిన్నీ. బాబాయిది మీ పేరుకి మారదు."

"మొగుడూ పెళ్ళాలక్కూడానా?"

"మారదు. ఒకవేళ... మనిషి పోయాకైతే వారసులకి..."

పుల్లమ్మ మొగుణ్ణి తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది.

"వద్దులే. అంత రాయితీ నాకొద్దు."

బుల్లయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏమే, పేరుదేముంది? కాయితం నా పేరునున్నా కారు నీదేగా."

"కాయితం నా పేరునుంటే నువ్వెక్కకూడదా ఏందయ్యా?"

బుల్లయ్యకి పదివేలు ఒక పక్క, ఇచ్చిన మాట ఒక పక్క. భార్య చేతుల వైపు చూశాడు. గోళ్ళ చివర్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పదివేలు మిగులుతాయి సరే, ఈ చేతులతో పెట్టిన అన్నం రేపు ఏ మొహంతో తినాలి?

"పేరు నీదే," అన్నాడు. "అమ్మాయ్, ఆ ఫారం ఇటియ్యి. నా బోనస్ ఎక్కడానికి కారే లేనప్పుడు, దాన్ని చూసుకుంటూ కూర్చోవడం ఎందుకు? అద్దమన్నా వస్తుంది."

'మా మిరపకాయలకి మేం పెట్టిన రాయే' అని నిజాయితీగా రాసి సంతకం పెట్టాడు. కంపెనీ పంపే సర్వేయరు అయూబ్ గారొచ్చి ఫొటోలు తీసేదాకా అద్దం ముట్టుకోవద్దని భవ్య చెప్పింది.

పుల్లమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. "మరి నేను సున్నా నుంచి మొదలెడితే యాభైకి ఎన్నేళ్ళు?"

"ఒక్క క్లెయిమూ లేకపోతే ఐదేళ్ళు పిన్నీ."

"విన్నావుగా? ఐదేళ్ళు నా కారు స్టీరింగు ముట్టుకోమాక."

బుల్లయ్య ఆలోచనలో పడ్డాడు. "అమ్మాయ్, పక్క సీట్లో కూర్చుంటే బోనస్‌కి ఇబ్బందేమన్నా ఉందా?"

భవ్య నోరు తెరిచేలోగా పుల్లమ్మే చెప్పింది:

"మాట్లాడకుండా కూర్చుంటే లేదు."