ఐదు డిగ్రీల వాలు

2024 నవంబరు 17, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటలు. వన్ టౌన్‌లోని మా సందులో ఆ వేళ ఉన్నవారు నలుగురు: ముప్పై ఏళ్లు మరపడవ నడిపి, పక్షవాతంతో ఎడమకాలు పడిపోయి, ఏడు నెలలుగా సందు దాటని దాలయ్య; ఆయన భార్య సీతాలు; ఆమె తమ్ముడైన తాపీమేస్త్రీ అప్పలరాజు; పక్కింటివాడినైన నేను, గురునాథరావు. పదకొండేళ్లుగా ఒకే గోడకు ఇటూ అటూ ఉంటున్నా, వారి వాకిట్లో నేను నిలబడటం అది రెండోసారి.

మొదటిసారి ముందురోజే. చక్రాల కుర్చీని సందులోకి దింపడానికి సీతాలు అరుగు మీంచి ఒక పాత పడవచెక్క వేసింది. జెట్టీ నుంచి పడవకు చెక్క వేసేవారు వాలు చూడరు. అది కాళ్లే చూసుకుంటాయి. కుర్చీకి ఆ తెలివి లేదు. జారింది. దాలయ్య మోచెయ్యి గీరుకుపోయింది. ఆ చప్పుడుకే నేను బయటికి వచ్చాను.

"పడవలొచ్చే యేళకి హార్బర్‌కాడ ఒక్కపాలి కూకోవాల బాబూ. అంతే," అన్నాడు దాలయ్య మర్నాడు, ఆ ఆదివారం ఉదయం, అరుగు మీద కుర్చీలోంచి.

"సిమెంటుతో కట్టేత్తాను బావా. పొడుగెంతో బాబునే సెప్పమను," అన్నాడు అప్పలరాజు.

టేపుతో కొలిచాను. అరుగు ఎత్తు నలభై ఐదు సెంటీమీటర్లు, చెక్క పొడవు నూట ఎనభై. ఎత్తును పొడవుతో భాగిస్తే సైను విలువ పావు. కోణం పద్నాలుగున్నర డిగ్రీలు.

"చాలా నిటారు, సీతాలమ్మా," అన్నాను.

"దీనిమీద ఈయన తాగి కూడా నడిసీవోడు."

"తాగినప్పుడే బాగా నడిసీవోణ్ని," అన్నాడు దాలయ్య.

ఒక్క మనిషే భయం లేకుండా కుర్చీ తొయ్యాలంటే ఐదు డిగ్రీలు దాటకూడదు. లంబకోణ త్రిభుజంలో ఒక ఎత్తూ ఒక కోణమూ తెలిస్తే తక్కిన భుజాలు వాటంతటవే బయటపడతాయి. నలభై ఐదును ఐదు డిగ్రీల సైనుతో భాగిస్తే వాలు పొడవు ఐదు వందల పదహారు. టాంజెంటుతో భాగిస్తే నేలమీద పట్టే జాగా ఐదు వందల పద్నాలుగు. సందు ఇరుకు, వాలు గోడ వెంబడే దిగాలి. గుమ్మానికి ఒక పక్క కరెంటు స్తంభం. రెండో పక్క మూడు వందల సెంటీమీటర్లకే వారి గోడ ముగిసి మాది మొదలవుతుంది. మిగిలిన రెండు వందల పద్నాలుగూ నా కిటికీ కిందనే.

ఆ కిటికీ వెనుక నా బల్ల, నా పుస్తకాలు. ఎవరి తలా కనిపించకుండా దాన్ని మూసే ఉంచుతాను. అందుకని మరో లెక్క వేశాను. నలభై ఐదును మూడు వందలతో భాగిస్తే వచ్చే టాంజెంటుకు కోణం ఎనిమిదిన్నర డిగ్రీలు; వారి గోడలోనే ఇమిడిపోతుంది. సీతాలు కుర్చీని పైకి తొయ్యగలదు. దిగేటప్పుడు పట్టి ఆపగలదా? ఆ ప్రశ్న పక్కన ఏమీ రాయలేదు. మూడు మీటర్లు చాలనబోయాను.

"బాబూ, ఒకటడగనా?" అన్నాడు దాలయ్య. "మద్దేన్నాలు నువ్వు పైకి సదూతావు గదా, గోడకి సెవి పెట్టి ఇంటన్నాను. ఆ కతలో ఓడ మునిగిపోనాదా, ఒడ్డుకొచ్చినాదా? బేస్తవారం మజ్జిలో ఆపేసినావు."

"సిగ్గులేదేటి, ఒకరి గోడకి సెవులెట్టడానికి!" అంది సీతాలు.

"ఒడ్డుకొచ్చింది," అన్నాను. ఎనిమిదిన్నరను కొట్టేశాను. "అప్పలరాజూ, ఐదు మీటర్ల పదహారు. నా గోడ వెంబడి కట్టు."

అతను వెనక్కి తగ్గాడు. "కాయితం కావాల బాబూ. గోపాలపట్నంలో ఒకాయన నోటితో కట్టమని, కట్టినాక కొట్టించేసినాడు."

"ఓరి, బాబు అలాటోడేటి?" అంది సీతాలు.

"ఆయనా అలాటోడు కాడప్పా, కట్టేదాకా." మళ్లీ నావైపు తిరిగాడు. "కిటికీ తీత్తే బావ తలకి తగుల్తాదేమో?"

నాకు గుర్తులేదు. లోపలికి వెళ్లి, గడియ మీద నూనె చుక్క వేసి, తెరిచి చూసి వచ్చాను. రెక్కలు లోపలికే తెరుచుకుంటాయి.

కాగితం మీద త్రిభుజం గీసి, మూడు భుజాలకూ కొలతలు వేశాను. కింద ఇలా రాశాను: "దాలయ్య గారి కుర్చీ రాకపోకలకు నా కిటికీ కింద రెండు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు ఎప్పటికీ వాడుకోవచ్చు." సంతకం చేశాను. దాలయ్య కుడిచేత్తో, పడవ పేరు రాసినంత పెద్ద అక్షరాలతో, నా పేరు పక్కన తన పేరు రాశాడు. సీతాలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పడవ లైసెన్సు ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, పెట్టెలో దాచింది.