టక్ చేయని చొక్కా

ఇస్త్రీ సారు తన ఫోను టేబులు మీద పెట్టి ఆమె వైపు తోశాడు.

"ఒక్కొక్క ఫోటో చూడండి మేడమ్. ఇవన్నీ 'ఇలా వద్దు' వరసలోకి వస్తాయి. పక్కన 'ఇలా రండి' అని ఇంకో వరస. గుర్తుపట్టకుండా తలలు కోసేశాను. మీరు బొమ్మలుగా మార్చేస్తే చాలు. శుక్రవారానికి బట్టల రూల్స్ పోస్టరు గోడ మీద ఉండాలి."

ఆయన ఈ ఆఫీసుకు మేనేజరుగా వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. పొద్దున ఎలా వచ్చేవాడో సాయంత్రం అలాగే వెళ్ళేవాడు, చొక్కా మీద మడత గీత కూడా చెదరకుండా. అందుకే వారం తిరక్కుండానే ఇస్త్రీ సారు అయిపోయాడు. గొంతు పెంచి మాట్లాడడం ఆయన అలవాటు కాదు. అరిచే మనిషికైతే ఎదురు చెప్పవచ్చు. ఈయనకు ఎలా చెప్పాలో ఎవరికీ తెలిసేది కాదు.

ఆమెను ఆఫీసులో బొమ్మలమ్మ అనేవారు. బిస్కెట్ ప్యాకెట్ల మీద, సబ్బు పెట్టెల మీద, మందుల డబ్బాల మీద ఏ బొమ్మ ఎక్కడుండాలో, ఏ అక్షరం ఎంత లావుండాలో తేల్చేది ఆమే. బొమ్మలు వేసి బతికేవాళ్ళు మనుషుల్ని ముఖాలతో గుర్తుపెట్టుకోరు. భుజం ఎటు వాలింది, చెయ్యి ఎక్కడ ఆనింది, అదే వాళ్ళకు గుర్తు. తలలు కోసి లాభం లేకపోయింది. మొదటి ఫోటో రిసెప్షన్ అమ్మాయి చెప్పులు. రెండోది లెక్కలు చూసే ఆయన గళ్ళ చొక్కా. మూడోది తనే. మోచేతుల దాకా మడిచిన చేతులు, జుట్టు ముడిలో గుచ్చిన పెన్సిలు.

"నన్నూ వదల్లేదా సార్," అంది నవ్వుతూ.

"అందరూ సమానమే మేడమ్," అని ఆయనా నవ్వాడు.

ఇంకొన్ని దాటాక ఆమె వేలు ఆగిపోయింది. వెనక నుంచి తీసిన ఫోటో అది. ఒక సైజు పెద్దదైన లేత నీలం చొక్కా, టక్ చేయకుండా, ప్యాంటు మీద తొడల దాకా వేలాడుతోంది. నడుము కొంచెం ఎడమకు ఒరిగి ఉంది.

"ఇది ముఖ్యం," అన్నాడు సారు. "దీన్ని మధ్యలో, మిగతావాటికంటే పెద్దదిగా వెయ్యండి. వచ్చే నెల మందుల కంపెనీవాళ్ళు వస్తున్నారు. గది గదీ చూస్తారట. చొక్కా టక్ చేయకుండా ఒక్కరు కనబడినా ఊరుకోనని యజమానిగారు నాకు గట్టిగా చెప్పారు."

ఆ చొక్కా కత్తెర బాబాయ్‌ది. ఫోటోలోని సీసానో, పండునో, మనిషినో వెనకున్న గోడ నుంచి అంచు చెదరకుండా కంప్యూటర్లో కత్తిరించి తీయడం ఆయన పని. ఆమె కొత్తగా చేరినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది ఆయనే. మర్యాదకు బాబాయ్ అనడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు ఆయన నిజంగానే బాబాయ్, ఆయన భార్య పిన్ని అయ్యారు.

కిందటేడు బాబాయ్‌కి ఆపరేషన్ అయింది. పిన్ని ఒక్కతే ఉండలేనంటే ఆమె ఆస్పత్రికి తోడు వెళ్ళింది. పేగులో పుండు ముదిరిందని కొంత కోసి తీసేశారు. పొట్టకు ఎడమపక్కన చిన్న దారి చేసి, దానికి ఒక సంచి అతికించారు. ఇకమీదట కడుపులోది ఆ సంచిలోకే రావాలి, బతికినంత కాలమూ. బెల్టు బిగించినా, చొక్కా లోపలికి దోపినా ఆ సంచి నొక్కుకుపోయి ఊడుతుంది. పిన్ని పాత చొక్కాలన్నీ తీసేసి ఒక సైజు పెద్దవి కుట్టించింది. పిత్తాశయంలో రాళ్ళు తీశారని ఆఫీసులో చెప్పాడు బాబాయ్. అసలు సంగతి ఆమెకు తప్ప అక్కడ ఇంకెవరికీ తెలియదు. ఎవరికీ చెప్పనని ఆమె మాటిచ్చింది.

ఫోను మీంచి తల ఎత్తింది. "సార్, బొమ్మలు వేసేవాళ్ళకి బట్టల మీద ఇన్ని రూల్స్ పెడితే పని దెబ్బతింటుంది. ఒళ్ళు బిగుసుకుంటే బుర్ర కూడా బిగుసుకుపోతుంది. క్రియేటివిటీ అనేది..."

ఆ మాటలు ఎవరో అరువిచ్చినట్టు ఆమెకే తెలిసిపోతోంది. వాటిని ఆమె ఏనాడూ నమ్మలేదు. రంగుల చొక్కా తొడిగితే రంగుల ఆలోచనలు వస్తాయనడం బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమే అని నలుగురిలో వాదించిన మనిషే ఆమె. ఆమెకు మంచి ఆలోచనలు పాత నైటీలో గిన్నెలు తోముతున్నప్పుడు వచ్చేవి. కిక్కిరిసిన బస్సులో వేలాడుతున్నప్పుడూ వచ్చేవి.

సారు ఓపిగ్గా విన్నాడు. "కిందటేడు మీకు బహుమతి వచ్చిన టీ డబ్బా డిజైను క్లయింటు ఆఫీసులో కూర్చుని వేశారట కదా. అక్కడ కోటు తప్పనిసరి. మరి అప్పుడు బుర్ర బాగానే పనిచేసిందే."

ఆమె ఫోను ఆయన వైపు జరిపింది.

"ఎవరికైనా ఏదైనా ఇబ్బంది ఉంటే?" అంది చివరికి.

"ఉంటే వచ్చి చెప్పుకోవచ్చు. నా తలుపు తెరిచే ఉంటుంది."

మధ్యాహ్నం వెనక మెట్ల మీద బాబాయ్ పక్కన డబ్బా తెరిచి కూర్చుంది. సంగతంతా చెప్పి, "ఆయనకొక్కడికే చెబుతాను బాబాయ్. తలుపేసి చెబుతాను. చెడ్డవాడేం కాదు," అంది.

బాబాయ్ తినడం ఆపలేదు. "వద్దు."

"మరి ఏం చేస్తారు? పోస్టరు పడ్డాక అందరూ టక్ చేసుకుని రావాల్సిందే."

"ఆ రోజు చూద్దాం."

"నా చేత్తో మీ బొమ్మ వేసి దాని మీద ఎర్ర గీత కొట్టమంటున్నాడు."

"అయితే కొట్టు. బొమ్మే కదా. నాకేం దెబ్బ తగలదు." డబ్బా మూత పెట్టాడు. "చూడమ్మాయ్. నేను కూర్చుంటే నా చెయ్యిని చూస్తారు, నా తెరను చూస్తారు. ఇది తెలిస్తే పొట్ట వైపు చూస్తారు. ఎప్పుడు నిండిందో, వాసన వస్తోందో, అని. ఆ చూపుల మధ్య నేను వెంట్రుక అంచు కత్తిరించలేను. మా ఇంట్లోనే, మీ పిన్ని చూస్తుంటే నాకు చెయ్యాడదు. ఇక వీళ్ళు చూస్తే ఆడుతుందా?"

పనికి అడ్డం పడేది ఏమిటో ఆయన చెప్పింది నిజం. ఆమెకూ వెనక ఎవరైనా నిలబడి చూస్తే గీత వంకరపోయేది.

సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల మీద కాగితం పరిచి ప్రయత్నించింది. బల్లకు ఆ చివర కూతురు హోంవర్క్ చేసుకుంటోంది. పొట్టిగా ఒక మనిషిని గీసింది. లావుగా ఇంకొకణ్ణి గీసింది. మీసం పెట్టింది. చొక్కా రంగు మార్చింది. ఎవరిని గీసినా చొక్కా బయటికి వదిలేసరికి నడుము ఎడమకు ఒరిగేది.

"ఈ తాత ఎవరమ్మా?" అంది కూతురు తొంగిచూసి.

ఆమె కాగితం ఉండచుట్టింది. భర్త సోఫాలోంచి చూస్తూనే ఉన్నాడు. "జీతమిచ్చేవాడు వెయ్యమన్నాడు, వేసి పారెయ్. అసలే టీమ్ లీడరు పోస్టు నీదేనంటున్నారు. నోటికాడి కూడు కాలదన్నుకోకు," అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే ఆమెకు మరీ చిరాకుగా ఉంది.

శుక్రవారం పొద్దున్నే పోస్టరు తీసుకువెళ్ళింది. సారు దాన్ని టేబులు మీద పరిచి, అరచేత్తో అంచులు సర్ది చూశాడు. చెప్పులు ఉన్నాయి, గళ్ళు ఉన్నాయి, జుట్టులో పెన్సిలు కూడా ఉంది.

"బావుంది. మధ్యలో ఖాళీ ఏంటి?"

"అది వెయ్యలేదు సార్."

"టైము సరిపోలేదా?"

"సరిపోయింది. వెయ్యను."

క్యాబిన్ గోడలు గాజువి. బయట కీబోర్డుల చప్పుడు తగ్గిందని ఆమెకు తెలుస్తూనే ఉంది. బాబాయ్ ఒక్కడే తెరకు మొహం ఆనించి కూర్చున్నాడు.

"కారణం?"

"చెప్పను."

"మొన్న చెప్పారుగా, క్రియేటివిటీ అని."

"అది కాదు సార్. అది ఊరికే అన్నాను."

సారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. మొదటిసారి ఆయన ముఖంలో చిన్న చిరాకు కనబడింది. "మేడమ్, నన్ను కూడా అడిగేవాళ్ళున్నారు. కారణం లేకుండా పని చెయ్యననే మనిషికి టీమ్ ఎలా అప్పగించమంటారు? ఏదో ఒకటి చెప్పండి. నచ్చలేదనండి. చేతకాలేదనండి. రాసుకుంటాను."

"చెయ్యననే రాసుకోండి."

మధ్యాహ్నానికి మెమో చేతికొచ్చింది. అప్పగించిన పనిని తగిన కారణం చూపకుండా నిరాకరించినందుకు, అని ఉంది. పోస్టరు పని బయట ఎవరికో ఇచ్చారు.

సోమవారం ఆఫీసులోకి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద అదే. బయటివాడు ఫోటోను ఉన్నదున్నట్టు గీతలుగా మార్చేశాడు. నడుము ఒరగడం కూడా పోలేదు. నిలువెత్తు మనిషి, పైన ఎర్రగా పెద్ద ఇంటూ గుర్తు.

"అబ్బో, కత్తెర బాబాయ్ బొమ్మ గోడెక్కిందే," అన్నాడు లెక్కలు చూసే ఆయన. నలుగురు నవ్వారు. దురుద్దేశం లేని నవ్వే. అంతలో బాబాయ్ బ్యాగు భుజాన వేసుకుని వచ్చాడు. అదే లేత నీలం చొక్కా. పోస్టరు ముందు నిలబడి కిందినుంచి పైదాకా చూశాడు.

"అంచులు సరిగా కొయ్యలేదు," అన్నాడు. మళ్ళీ నవ్వులు. "ఇది మన బొమ్మలమ్మ వేసింది కాదే?"

రిసెప్షన్ అమ్మాయి గొంతు తగ్గించింది. "అక్క వెయ్యనంది బాబాయ్. ఎందుకని ఎంత అడిగినా చెప్పలేదు. మెమో ఇచ్చారు. లీడరు పోస్టు కూడా ఇంకొకరికట."

బాబాయ్ ఆమె బల్ల వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. ఆయన బ్యాగు తన కుర్చీలో పెట్టి, నేరుగా క్యాబిన్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. గాజుకు లోపలివైపున్న తెర దించాడు. ఆ తెర దించగా అక్కడ ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఆమె లేచి నిలబడింది. ఆపాలనుకుంది. అప్పటికే తెర దిగిపోయింది. ఎవరో ప్రింటరు మీద కాగితాలు సర్దుతూ చూస్తున్నారు, ఎవరో నీళ్ళ సీసా నింపుకునే మిషతో దగ్గరికొచ్చారు. లోపలినుంచి మాట వినబడలేదు. కుర్చీ జరిగిన చప్పుడు ఒక్కటే వచ్చింది. కాసేపటికి సారు తలుపు సగం తీసి, "ఒక గ్లాసు మంచినీళ్ళు," అన్నాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. నీళ్ళు ఎవరికోసమో చెప్పలేదు.

బాబాయ్ బయటికొచ్చి వెనక మెట్ల వైపు నడిచాడు. ఆమె వెంట వెళ్ళింది.

"చెప్పారా?"

"చూపించాను. చెబితే నమ్ముతాడో లేదో అని చొక్కా ఎత్తాను."

ఆమెకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "ఎందుకు బాబాయ్? నేను నోరు మూసుకున్నది ఎందుకు? మెమో పుచ్చుకున్నది ఎందుకు?"

"అందుకే. నా పొట్ట కోసం నీ పొట్ట కొట్టుకుంటే నేను చూస్తూ ఎలా కూర్చోను? నన్ను అడిగి చేశావా ఆ పని?"

"అడిగితే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకోను." మెట్టు మీద మెల్లగా కూర్చున్నాడు. "పాపం, భయపడ్డాడు. ముందే చెప్పి ఉంటే బాగుండేదండీ అన్నాడు. చొక్కా వేసుకోవడానికి పొట్ట విప్పి చూపించాలా బాబూ అన్నాను. వెంటనే లేచి తలుపు తీశాడు. మంచినీళ్ళు నాకిస్తాడనుకున్నాను, తనే తాగేశాడు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రమే సారు స్వయంగా కుర్చీ ఎక్కి, ఆ బొమ్మ మీద తెల్ల కాగితం అంటించాడు. కింద చిన్న అక్షరాల్లో కొత్త వాక్యం చేరింది: ఆరోగ్య కారణాలున్నవారికి మినహాయింపు. సారు మంచికే రాయించాడు. కానీ ఆఫీసంతటిలో టక్ చేయనిది బాబాయ్ ఒక్కడే. ఇక విప్పి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోయింది, కొందరికి ఉన్నదానికంటే ఎక్కువ తెలిసింది.

ఎవరూ నవ్వలేదు. అదే కష్టమైంది. కుర్చీలో దిండు వెలిసింది. లిఫ్ట్ తలుపు పట్టుకుని ఆగేవారు. ఆయన లేస్తే అటు చూసేవారు, బాత్రూమ్ నుంచి వస్తే చూపు తిప్పుకునేవారు. లెక్కలు చూసే ఆయన జోకులు మానేశాడు. "జాలి కంటే జోకే నయం," అన్నాడు బాబాయ్ ఒకరోజు. అంచుల పని మునుపటిలా సాగడం లేదని ఆమెకు తెలిసింది. ఇదివరకు గంటలో ముగించేదానికి పూట పట్టేది. తన బల్లను గోడ మూలకు మార్పించుకుని, వీపు వెనక ఎవరూ నడవని చోట కూర్చున్నాక కొంత కుదుటపడ్డాడు.

మెమోను సారు వెనక్కి తీసుకోలేదు. "మీరు చేసింది అర్థమైంది మేడమ్. కానీ పని చెయ్యనన్నది నిజమే కదా," అన్నాడు. లీడరు పోస్టు ఇంకొకరికే వెళ్ళింది. భర్త కొన్నాళ్ళు ముభావంగా ఉండి, తర్వాత మామూలయ్యాడు. ఆమె రోజూ చేతుల గుండీలు పెట్టుకుని, పెన్సిలు బల్ల మీదే ఉంచి పనిచేసింది. బొమ్మలు ఎప్పటిలాగే కొన్ని బాగా వచ్చాయి, కొన్ని రాలేదు.

మందుల కంపెనీవాళ్ళు వచ్చిన పొద్దున డబ్బా నమూనాలు పట్టుకుని బాబాయ్ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆయన తల ఎత్తేసరికి ఆమె చూపు ఆయన పొట్ట మీద ఉంది. ఆయన చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"నువ్వు కూడానా?" అన్నాడు మెల్లగా.

"గుండీ ఊడింది బాబాయ్. కింది నుంచి రెండోది."

ఆయన వంగి చూసుకున్నాడు. నిజమే, దారం మాత్రం వేలాడుతోంది. ఆ దారాన్ని వేలికి చుట్టి తెంపేసి, "మీ పిన్ని కుడుతుందిలే. ఆ డబ్బా ఇలా ఇవ్వు, ఈ మూల నీలం ఎక్కువైంది," అన్నాడు.