గౌహతి చేరేదాకా ఊడ్చని ఇల్లు

ఆళ్లగడ్డలో శివమ్మ ఇంట్లో మంగళవారం నుంచి చీపురు ఆడలేదు. మనిషి ప్రయాణమై పోతే, ఆ మనిషి చేరేదాకా వెనక ఇల్లు ఊడ్చగూడదు, అలకగూడదు. ఎవరు పెట్టినారో గానీ, ఆ పద్ధతి బండి మీద నంద్యాలకు పోయే కాలానికి సరిపోయింది. కోడి కూసినప్పుడు బండి కడితే ఇరవై ఐదు మైళ్లు, దీపాలు పెట్టే యాళకు నంద్యాల. మరునాడు పొద్దున నిమ్మళంగా చీపురు పట్టుకోవచ్చు.

ఈసారి పోయింది అట్లాంటి ప్రయాణం కాదు. చెల్లెలు మహాలక్ష్మి గౌహతికి పోయింది. ఆమె మొగుడు లక్ష్మీనారాయణకు ఆడ విమానాలు దిగేచోట వైర్‌లెస్ పని. నంద్యాల దాకా బండి, ఆడి నుంచి రైలు, గురువారం పొద్దున హైదరాబాదు బేగంపేటలో విమానం అని చెప్పి, పెండ్లాన్ని పిలుచుకొని పోయినాడు. తల్లి కాలం చేసినప్పుడు మహాలక్ష్మికి మూడేండ్లు. అప్పటి నుంచి పదహారేండ్లు సాకింది శివమ్మే. బయల్దేరేటప్పుడు, తాను మొగుడు పోయి పసుపు ముట్టని మనిషి గాబట్టి, పక్కింటి ఆదెమ్మను పిలిచి చెల్లెలి కాళ్లకు పసుపు పూయించింది. పొయ్యింటి నుంచి గడప దాకా తొమ్మిది పసుపు అడుగులు పడినాయి.

శుక్రవారం ఆదెమ్మ గోడ మీదుగా తొంగి చూసి, ఇది ఇల్లా గొడ్ల కొట్టమా అనింది. ఆ మాట పడలేక శివమ్మ పరంజ్యోతి అయ్యవారి దగ్గరికి పోయింది. ఆయన మిషన్ బడిలో చదువు చెప్తాడు, ఊళ్లో దేశపటం ఉండేది ఆయన దగ్గరే. చెల్లెలు చేరిందో లేదో చూసి చెప్పమనింది. ఆయన బేగంపేట మీద దారం కొస పెట్టి, గౌహతి దాకా లాగి, మైళ్ల గీతకు ఆనించి చూసినాడు.

"వెయ్యి మైళ్ల పైమాటే అక్కా. ఆగకుండా పోతే ఏడు గంటలు. మధ్యలో దిగి ఎక్కినా నిన్ననే చేరిపోయింటాది. పో, ఊడ్చుకో."

ఏడు గంటల్లో మన బండి సిరివెళ్ల దాటి ఎద్దులకు నీళ్లు చూపిస్తా ఉంటాది. శివమ్మకు నమ్మకం కుదరలేదు.

"దారానికేం అయ్యోరా, ఆకలా దప్పికా. సక్కగా పోతాది. నా చెల్లెలు రాస్తే ఊడుస్తా."

ఇంక ఆ ఇంట్లో ఆమె గోడవారగా, పక్కకు ఒదిగి నడిచింది. కోళ్లు లోపలికి రాకుండా కట్టె పట్టుకొని గడపలో కూర్చునింది. అలవాటు తప్పక రోజూ ఇద్దరికి సంగటి కెలికి, ఒక ముద్ద మరునాటికి నీళ్లలో వేసుకొనింది.

పదకొండో నాడు కార్డు వచ్చింది. పరంజ్యోతి అయ్యవారే గడప బయట నిలబడి మెల్లగా చదివినాడు. గురువారం పొద్దుగూకక ముందే దిగినారంట. పైనున్నంతసేపూ కిందికి చూడాలంటే భయమేసిందంట. ఆడ అన్నీ వానలంట, ఇల్లు బాగుందంట. అంటే ఆదెమ్మ దెప్పిన నాటికే చెల్లెలు ఆడ పొయ్యి ముట్టించుకొనిందన్నమాట. అయ్యవారు లోపలి అడుగులు చూసి, ఊడ్చుకోమని ఈసారి అనలేదు. కార్డు ఆమె చేతికిచ్చి పోయినాడు.

శివమ్మ చీపురు తీసింది. పంచ ఊడ్చింది. గడప దాటి లోపలికొచ్చి, తొమ్మిదో అడుగు కాడ వంగింది. ఎండిన పసుపులో అయిదు వేళ్లూ చెక్కు చెదరకుండా ఉండాయి. శానాసేపు అట్లే వంగి ఉండి, లేచి, చీపురు తలుపు మూలన పెట్టేసింది.

గోడ అవతల నుంచి ఆదెమ్మ అడిగింది, జాబేమన్నా వచ్చిందా, చెల్లెలు చేరిందా అని.

శివమ్మ కార్డును నడుము కాడ కొంగులో దోపుకొనింది.

"యాడ చేరింది ఆదెమ్మక్కా. ఇంకా గాల్లోనే ఉండాది."