చూరు మీద నోరు

హల్డోరా వంటింటి కిటికీలోంచి పెరటి రాయి వైపు చూసింది. పొద్దున దాని మీద పెట్టిన ఓట్స్ జావ గిన్నె అలాగే ఉంది. మీద వేసిన వెన్న గడ్డకట్టి పచ్చటి బిళ్ళయింది. పక్కింటి కుక్క దూరం నుంచే వాసన చూసి, తోక ముడుచుకుని వెళ్ళిపోయింది. ఆ ఊరి ఉడతలు చెత్తడబ్బాల మూతలు కూడా ఊడబీకుతాయి. ఈ గిన్నె జోలికి మాత్రం ఒక్కటీ రాదు.

అలమరాలో బిస్కట్ల డబ్బా ఉంది. అందులో ఆమె భర్త యాల్మర్ బూడిద. "పెరటి వెనక సరస్సులోకి పొడుచుకెళ్ళిన ఆ నేలకొన మీద నన్ను మట్టిలో కలిపెయ్" అని పోయేముందు అడిగాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఎప్పుడో చర్చి మానేసి, ఐస్‌లాండ్ పూర్వీకుల పాత దేవతల దారి పట్టారు. ఆ దారిలో ఒక మర్యాద ఉంది. ఏ నేల మీద ఏ పని తలపెట్టినా ముందు ఆ నేలను కాచేవాళ్ళను అడగాలి. పెట్టింది వాళ్ళు ముడితే సరేనన్నట్టు. ముట్టకపోతే లేదు. ఇంకొన్నాళ్ళు పోతే మంచుకి నేల బిగుసుకుపోతుంది, పలుగు కూడా దిగదు.

ఎవరికీ చెప్పని సంగతి మరొకటి ఉంది. కెనడాలోని ఈ మానిటోబాలో నవంబరు వచ్చిందంటే టీ వేళకే పొద్దు వాలిపోతుంది. వాలగానే అడవి వైపు నుంచి అడుగుల చప్పుడు మొదలవుతుంది. ఇంటి ముందుదాకా వచ్చి ఆగిపోతుంది. ఊపిరి వినిపిస్తుంది. కాసేపటికి వెనక్కి మళ్ళుతుంది. తెల్లారి చూస్తే మంచు మీద ఒక్క జాడ ఉండదు.

ఆ మధ్యాహ్నం పక్కనున్న అనిషినాబే ఆదివాసుల రిజర్వు నుంచి నేస్తం డెల్ఫీన్ వచ్చింది, పొగబెట్టిన చేపలు తీసుకుని. ఎప్పట్లాగే వెనక గుమ్మంలోంచే.

"మళ్ళీ దెయ్యాలకి జావ కాచావా?"

"దెయ్యాలు కాదక్కా. ఈ నేలను కాచేవాళ్ళు."

"ఉప్పు మర్చిపోయుంటావే తల్లీ. నీ వంట తినగలిగినవాడు యాల్మర్ ఒక్కడే, పాపం వాడూ పోయె."

హల్డోరాకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. "ఆయన్ని ఆ కొన మీద కలుపుదామంటే వీళ్ళు ఒప్పుకోవడం లేదక్కా. ఎండాకాలం పోయిన దగ్గర్నుంచీ అడుగుతున్నా."

డెల్ఫీన్ కప్పు కింద పెట్టింది. "రాయిని అడిగావు. మమ్మల్నెప్పుడన్నా అడిగావా?"

హల్డోరా చేపల పొట్లం విప్పబోయి ఆగింది.

"మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఆ కొనలోనే ఉంది, చిన్నపిల్లలతో సహా. అమ్మోరు పోసి పోయారు. మిగిలినవాళ్ళు అవతలి ఒడ్డుకెళ్ళి తిరిగొచ్చేసరికి దారికడ్డంగా మీ ముత్తాత ఇల్లు లేచింది. తమవాళ్ళ దగ్గరికి మళ్ళీ చేరకుండానే పోయారు."

"నాకెవరూ చెప్పలేదు."

"అడిగితేగా! చిన్నప్పుడు చేపలకి వస్తే అమ్మమ్మ మమ్మల్ని అడవంతా చుట్టు తిప్పేది. ఆ నోటి ముందు నడవకండర్రా అనేది. నేనిప్పటికీ నీ ముందు గుమ్మం తొక్కను, చూశావా?"

"ఏ నోరు?"

డెల్ఫీన్ పెదవులు ముందుకు సాచి చూరు వైపు చూపించింది.

హల్డోరా బయటికెళ్ళి తలెత్తింది. చూరు కొసన చెక్క డ్రాగన్ తల, పళ్ళన్నీ బయటపెట్టి అడవి దారి వైపు చూస్తోంది. ముత్తాత పడవ ముందు ఉండేది. పడవ పుచ్చిపోయాక ఇంటికి బిగించాడు. ఆమె పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఏటేటా నాలుకకి ఎర్రరంగు వేసేది కూడా తనే. నేల కనపడగానే పడవ మీది తల దింపెయ్యాలని, నోరు తెరుచుకుని ఒడ్డు చేరితే అక్కడివాళ్ళు బెదిరిపోతారని పూర్వీకుల కట్టుబాటు. తమ కూటాల్లో దాన్ని అందరికీ వివరించి చెప్పేది హల్డోరాయే. నిచ్చెన తెచ్చి ఆనించింది.

"కాస్త పట్టుకోవచ్చుగా అక్కా!"

"అది దిగనీ, అప్పుడొస్తా." డెల్ఫీన్ గోడ మూల దాటి రాలేదు. "పడి చచ్చేవు, నిన్నెక్కడ పెట్టాలో మళ్ళీ అదొకటి అడగాలి!"

మేకులు కీచుమంటూ ఊడాయి. తలను యాల్మర్ ఉన్ని దుప్పటిలో చుట్టి, కొట్టాంలో బోర్లా పడుకోబెట్టింది.

పొద్దు వాలింది. అడుగుల సంగతి డెల్ఫీన్‌కి చెప్పేసింది హల్డోరా; దీపం వెయ్యకుండా ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. అడుగులు వచ్చాయి. ఇంటి ముందు ఆగాయి. అప్పుడు కదిలాయి, ముందుకు. ఒకరు కాదు. కాలీడ్చేవాళ్ళు, కర్ర ఊతంతో నడిచేవాళ్ళు, పరుగెత్తే చిన్న పాదాలు, ఎవరి చంకలోనో మూలిగే పసిగుడ్డు. గోడనానుకుని, రాతి పక్కనుంచి, జావ గిన్నె వైపు తిరగనైనా తిరగకుండా నేలకొన వైపు వెళ్ళిపోయారు. డెల్ఫీన్ తమ భాషలో ఒక్కొక్క పేరే గొణుగుతోంది. చెంపలు తుడుచుకోవడం లేదు.

అడుగులు దూరమయ్యాక దీపం వేస్తూ అంది: "యాల్మర్ సంగతి మా పెద్దవాళ్ళతో మాట్లాడతాలే."

"వద్దక్కా. వాళ్ళిప్పుడేగా ఇల్లు చేరారు."

ఆ వారంలోనే యాల్మర్‌ని ఊరి లూథరన్ చర్చి శ్మశానంలో పెట్టారు. చోటు దొరికింది సరిగ్గా పాత పాస్టర్ పక్కన. బతికినంతకాలం ఆయనతో యాల్మర్‌కి దేవుళ్ళ గురించి తగువే.

"ఇంక ఇద్దరికీ తీరికే తీరిక" అంది డెల్ఫీన్.

హల్డోరా గిన్నె పెట్టడం మానలేదు. ఇప్పుడేమీ అడగడం లేదు, అంతే. రోజూ పొద్దు వాలాక అడుగులు గోడ పక్కగా వెళతాయి, ఆమె తల వంచుకుని కూర్చుంటుంది. ఒక సాయంత్రం ఆ గుంపులోంచి చిన్న పాదాలు మాత్రం కాస్త వెనకబడ్డాయి.

తెల్లారి చూస్తే వెన్న బిళ్ళ లేదు. గడ్డకట్టిన జావ మీద సన్నటి గాడి ఉంది, పసివేలు గీసినంత.